పిల్లికళ్ళవాడు

మెకానిక్కుని గేటు బయట నిలబెట్టి, అయిదో అంతస్తు పైనున్న లిఫ్టు మిషన్ని బాగుచేయించుకోవాలనే ఆలోచన ఈ భూమ్మీద ఒక్క బుర్రకే వచ్చింది. ఆ బుర్ర ఆ అపార్ట్‌మెంటు సెక్రటరీది.

"లోపలికి మాత్రం వద్దు బాబూ. ఇక్కణ్ణించే చెప్పు, మా వాచ్‌మన్ చేస్తాడు," అన్నాడు సెక్రటరీ, గేటుకి అటుపక్క చేతులు కట్టుకుని.

"మిషను డాబా మీద కదండీ ఉంది."

"గట్టిగా చెప్పు. నీ గొంతుకేం, బానే ఉంటుందిగా."

మెకానిక్కు పనిముట్ల సంచి కింద పెట్టాడు. నెలనెలా ఆ లిఫ్టు తలుపుల గాడిలోంచి బటానీలంత రాళ్ళూ, పిల్లల చెవిపోగులూ, ఒకసారి కట్టుడు పన్నూ తీసిన చెయ్యి అతనిది. ఆ పన్ను ఎవరిదో అందరికీ తెలుసు, ఎవరూ చెప్పలేదు. ఆ పన్ను తాలూకు పెద్దావిడే ఇప్పుడు అయిదో అంతస్తు బాల్కనీలోంచి తొంగిచూస్తోంది.

"ఒరే, నన్ను దించేవాడెవడైనా ఉన్నాడా? డాక్టరు నాకోసం చూసీ చూసీ ముసలాడైపోతాడు."

"వస్తున్నాడమ్మా," అని అరిచాడు సెక్రటరీ. గేటు మాత్రం తీయలేదు.

వాచ్‌మన్ మెకానిక్కు ఇచ్చిన మారు తాళంచెవితో డాబా మీదకెళ్ళాడు. పిట్టగోడ మీదుగా అతని తల బయటికొచ్చింది.

"ఇనప పెట్టె కనపడిందా?" మెకానిక్కు రెండు చేతులూ నోటికడ్డం పెట్టుకుని అరిచాడు.

"కనపడింది."

"తలుపు తెరు."

"తెరిచా. లోపల బల్లి ఉంది."

"బల్లినొదిలెయ్. కుడిపక్క పెద్ద స్విచ్చి కిందకి లాగు."

"ఎవరి కుడిపక్క? నీదా, నాదా?"

"నీదే. నేనక్కడ లేనుగా."

వాచ్‌మన్ తల మాయమైంది. తర్వాత టపీమని ఓ చప్పుడు. మెట్ల దీపాలు ఆరిపోయాయి, నీళ్ళ మోటారు గురక ఆగిపోయింది, నాలుగో అంతస్తులో ఎవరో సబ్బు మొహంతో బయటికొచ్చి తిట్లు మొదలుపెట్టారు. లిఫ్టు మాత్రం రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య అలిగిన కొత్తల్లుడిలా అలాగే కూచుంది.

"నువ్వు చెప్పడం సరిగ్గా లేదు," అన్నాడు సెక్రటరీ.

మెకానిక్కుకి ఒళ్ళు మండిపోయింది. గేటు స్తంభం మీద అంటించిన కాయితం వైపు చెయ్యి చూపించాడు. "ఇది చూసే కదండీ నన్ను ఆపారు? ఒకసారి నిదానంగా చూడండి. ఇందులో ముక్కేదీ? మూతేదీ?"

నిజంగానే లేవు. కోడిగుడ్డులాంటి ఖాళీ మొహం. అందులో రెండు పిల్లికళ్ళు, పైన గోధుమరంగు జుట్టు. కింద 'ఇతను కనపడితే తెలియజేయండి' అని. ఈ వీధిలో మూడిళ్ళల్లో దొంగలు పడ్డారు. తాళాల మీదా, బీరువా తలుపుల మీదా దొరికిన డీఎన్ఏని ల్యాబులో చూస్తే మూడు చోట్లా ఒకడిదే అని తేలింది. ఆ ఒకడి కళ్ళెలా ఉంటాయో, జుట్టెలా ఉంటుందో కూడా ల్యాబువాళ్ళు చెప్పారు. అంతవరకే చెప్పారు. ఆ కాస్తా పట్టుకుని పోలీసులు బొమ్మ గీయించారు.

మెకానిక్కువి పిల్లికళ్ళు. ఎండలో ఆకుపచ్చగా, నీడలో తేనెలా ఉంటాయి. జుట్టు గోధుమరంగు. పైగా ఆ మూడిళ్ళున్న బిల్డింగుల లిఫ్టులూ చూసేది అతనే.

"నేనన్నానా నువ్వే అని? కమిటీవాళ్ళు భయపడుతున్నారు," అన్నాడు సెక్రటరీ. "పోలీసులు నువ్వు కాదని చెప్పేదాకా రావద్దు. శనివారంలోపు తేలకపోతే వేరే కంపెనీవాళ్ళని పిలుస్తాం. మిగతా రెండు బిల్డింగులవాళ్ళూ అదే అనుకున్నారు. పెద్దావిడ ఎన్నాళ్ళని పైన కూచుంటుంది చెప్పు?"

ఆ మూడు బిల్డింగులు పోతే మెకానిక్కుకి మిగిలేది పనిముట్ల సంచి ఒక్కటే. సంచి భుజానేసుకుని వెనక్కి తిరిగాడు. పై నుంచి వాచ్‌మన్ అరుస్తున్నాడు, "ఇప్పుడేం లాగమంటావ్?"

"నా ప్రాణం లాగు," అన్నాడు మెకానిక్కు, వాడికి వినపడకుండా.

ఇంటికెళ్ళేసరికి మావయ్య వచ్చి ఉన్నాడు. ఆయన వచ్చాడంటే లోపలికి చూడక్కర్లేదు, 'ఉఫ్' మని వినపడుతుంది. స్టూలు మీద కూచునే ముందు ఉఫ్. చెప్పులు వేసుకునే ముందు ఉఫ్. టీ గ్లాసు చేతికిస్తే, అది వేడిగా ఉన్నా చల్లారిపోయినా ఉఫ్. పోలీసుల్లో వేలిముద్రలు తీసే పని ఆయనది. నల్లటి పౌడరు బ్రష్షుతో అద్ది, ఎక్కువైందాన్ని నోటితో ఊదేస్తాడు. స్టేషన్లో అంతా 'ఉఫ్ మాస్టారు' అంటారు. ఒకసారి ఊదితే దొంగ వేలిముద్రతో పాటు వాడి తాత వేలిముద్ర కూడా పైకి లేచొచ్చిందని ఆయనే చెప్పుకుంటాడు. ఆ తాత కూడా దొంగేనట.

"ఏరా అల్లుడూ, మొహం అలా పెట్టావేం? లిఫ్టు నెత్తినెక్కిందా?"

"నెత్తినెక్కినా బావుణ్ణు. నన్నసలు దాని దగ్గరికే రానివ్వట్లేదు." మెకానిక్కు సంచి గోడవారకి విసిరేశాడు. లోపల స్పానర్లు ఘల్లుమన్నాయి. "నువ్వు పోలీసాడివి గదా మావయ్యా. మావాడు మంచోడని ఓ మాట చెప్పొచ్చుగా."

మావయ్య నల్లకళ్ళద్దాలు ముక్కు మీద సర్దుకున్నాడు. పౌడరు పడీ పడీ కళ్ళు వెలుతురు ఓర్చుకోవని ఆయన ఆ అద్దాలు ఎక్కడా తీయడు. ఇంట్లో తీయడు, వానలో తీయడు, పెళ్ళి ఫోటోల్లో కూడా తీయడు. జుట్టుకి బూటు పాలిషులాంటి నల్లరంగు. "నా మాటెందుకురా? అది సైన్సు. సైన్సుకి బంధుప్రీతి ఉండదు. వెళ్ళి నోట్లో దూది పెట్టించుకో. నువ్వు కాదని తేలిపోతుంది."

"తేలకపోతే?"

"ఎందుకు తేలదూ? నువ్వు గానీ దొంగతనం చేశావా ఏంటి?"

వాళ్ళమ్మ లోపల్నించి మూడు గ్లాసులతో వచ్చింది. "ఛీ, ఆ కళ్ళు వచ్చినప్పటి నించీ వీడికి దిష్టే. నాన్న కళ్ళు నీకొచ్చాయి, వీడికొచ్చాయి. నాకు మాత్రం నాన్న మోకాళ్ళ నొప్పి వచ్చింది," అంటూ తమ్ముడికి టీ అందించింది.

మావయ్య ఉఫ్ మని ఊదాడు.

మర్నాడు స్టేషన్ వరండాలో ఊళ్ళోని పిల్లికళ్ళన్నీ ఒక బల్ల మీద వరసగా కూచున్నాయి. డ్రాయింగు మాస్టారొకాయన, పాలు పోసేవాడొకడు, ఒక బ్యాంకు గుమస్తా, ఇంకా నలుగురైదుగురు. వీళ్ళందరి మధ్యా ఒక కాలేజీ అమ్మాయి కోపంతో ఎర్రగా కూచుంది.

"నావి కంట్లో పెట్టుకునే రంగు అద్దాలండీ. ఫ్యాన్సీ షాపులో కొన్నా," అని తీసి చూపిస్తే కింద మామూలు నల్లకళ్ళు. "అయినా పంపట్లేదు."

"షాపు రసీదు చూపిస్తే పంపేవాళ్ళేమో," అన్నాడు పాలవాడు. "నా సంగతి చూడండి, ఇన్నాళ్ళూ పాలలో నీళ్ళు కలుపుతానని అనుమానం. ఇప్పుడు ఏకంగా బీరువాలు పగలగొడతానని. ఎదిగినట్టేగా."

మెకానిక్కుకి నవ్వు రాలేదు. మూలనున్న బీరువా చూస్తే దాని తలుపు తిన్నగా పడట్లేదు. కింద కీలు వదులైంది. చేతులు ఊరుకోవు గదా, లేవబోయి మళ్ళీ కూచున్నాడు. ఇక్కడ బీరువా ముట్టుకున్నవాడి గతేంటో ఆలోచించుకోవాలి.

లోపల ల్యాబు మేడమ్ తెల్లకోటులో, మూతికి గుడ్డ కట్టుకుని, చేతులకి తొడుగులేసుకుని కూచుంది. పొడుగాటి పుల్లకున్న దూది అతని బుగ్గ లోపల తిప్పి తీసి గొట్టంలో పెట్టింది. పక్కన నిలబడ్డ ఇన్స్‌పెక్టరు మెకానిక్కు కళ్ళలోకి రత్నాల వర్తకుడిలా వంగి చూస్తున్నాడు.

"అచ్చం అవే," అన్నాడు.

"సార్, ఎన్నిసార్లు చెప్పాలి?" మేడమ్ గొట్టానికి మూత బిగించింది, అక్కర్లేనంత గట్టిగా. "డీఎన్ఏ చూసి, లేతరంగు కళ్ళు ఉండటానికి ఎక్కువ వీలుంది అన్నాను. ఉన్నాయి అనలేదు. పైగా జుట్టుకి రంగేసుకుంటే ఎలా కనపడతాడో అది చెప్పలేదు. ఎక్కడ వెతకాలో మీకు కాస్త దారి తెలుస్తుందని చెప్పాను. మీరు బొమ్మేసి గోడలకి అంటించారు."

"బొమ్మ బావుందన్నారండీ అందరూ."

"ముక్కు లేదు సార్ దానికి."

"ముక్కు సంగతి మీరు చెప్పలేదుగా."

మేడమ్ నెత్తి కొట్టుకోబోయి, చేతికి తొడుగుందని గుర్తొచ్చి ఆగింది. మెకానిక్కుకి ఆవిడ మీద జాలేసింది. వాచ్‌మన్‌కి డాబా మీదకి అరిచి చెప్పిన మనిషి గదా, ఆ బాధ అతనికి తెలుసు.

ఫలితం వచ్చేదాకా అతను ఊరి చివర గోడౌన్లో సరుకుల లిఫ్టుకి గ్రీజు పెట్టాడు. పట్టాల మీద పాత గ్రీజు మట్టితో కలిసి గట్టిపడిపోయింది. దాన్ని గీకుతూ, గీకే ప్రతి ముక్కకీ ఒక మొహం ఊహించుకున్నాడు. సెక్రటరీ మొహం గీకాడు, ఇన్స్‌పెక్టరు మొహం గీకాడు. ఎక్కడో కూచుని అచ్చం తనలాంటి కళ్ళతో నవ్వుకుంటున్న ఆ దొంగ మొహాన్ని మరీ గట్టిగా గీకాడు. వాడు దొరికితే ఏం చెయ్యాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాడు. లిఫ్టులో పెట్టి రెండంతస్తుల మధ్య ఆపేసి, తను భోజనానికి వెళ్ళిపోవాలి. సాయంత్రం ఇంటికొస్తుంటే వీధిలో పిల్లలు వెనకనించి మ్యావ్ మన్నారు. నిన్నటిదాకా అన్నా అన్నా అని లిఫ్టు తాళంచెవి చూపించమన్న పిల్లలే.

శుక్రవారం పొద్దున్నే కబురొచ్చింది. వెళ్ళేసరికి ఇన్స్‌పెక్టరు కుర్చీలో ఊగుతున్నాడు. మేడమ్ మాత్రం తిన్నగా కూచుంది.

"నువ్వు కాదు," అందావిడ.

మెకానిక్కు ఊపిరి వదిలాడు. గోడౌనంత ఊపిరి. "ఆ మాటే ఒక కాయితం మీద రాసిస్తే మా సెక్రటరీకి..."

"కానీ మీవాళ్ళే," అన్నాడు ఇన్స్‌పెక్టరు.

మేడమ్ వేళ్ళు కలిపి చూపించింది. "నీ డీఎన్ఏకీ ఆ ఇళ్ళల్లో దొరికినదానికీ దగ్గర చుట్టరికం కనపడుతోంది. తండ్రీ కొడుకులంత దగ్గర కాదు. మీ అమ్మగారి వైపు రక్తం."

"అమ్మ వైపు ఎవరున్నారండీ? మా అమ్మా, మావయ్యా. అంతే."

"మీ మావయ్య మనవాడు. ఆయన్ని పక్కన పెట్టు," అన్నాడు ఇన్స్‌పెక్టరు, చెయ్యి గాల్లో ఊపుతూ. "ఇంకెవడో ఉన్నాడు. దాచిపెట్టావో, నీకే తెలీదో. మీ తాత ఎలాంటివాడు? చిన్నిల్లు గట్రా ఏమైనా..."

"సార్."

"అడగడం నా డ్యూటీ. లిఫ్టు రూము తాళాలు నీ దగ్గరుంటాయి. నీ చుట్టం ఎవడో నీ తాళాలు వాడుతున్నాడు. రేపు మీ సెక్రటరీ బిల్డింగులో మిషన్ రూము వెతుకుతాం. తాళాలతో రా."

ఆ మాట వాళ్ళమ్మతో చెప్పడానికి మెకానిక్కు నోరు మూడుసార్లు తెరిచి మూశాడు. చెప్పాక ఆవిడ చాట కింద పడేసింది.

"మా నాన్నకి చిన్నిల్లా? ఆయనకి పెద్దిల్లు నడపడానికే ఓపిక లేదు. రమ్మను ఆ ఇన్స్‌పెక్టర్ని. వాడి తాత సంగతి నేనడుగుతా."

సాయంత్రం మావయ్య వచ్చాడు. సంగతంతా విని స్టూలు మీద ఉఫ్ మని ఊది కూచున్నాడు. "ల్యాబుది ఏదో తప్పు ఉంటుందిలేరా. మేడమ్‌కి చాదస్తం. నన్ను మూతికి గుడ్డ కట్టుకుని పని చెయ్యమంటుంది. మూతి కట్టేస్తే ఊదేదెలా? అదే అడిగా. వాళ్ళ ల్యాబువాళ్ళందరి దూదీ ముందే తీసి పెట్టుకుందట. నన్నూ రమ్మంది. నేను దొంగనా ఏంటమ్మా, నా పని నేను చూసుకుంటా అన్నా."

వాళ్ళమ్మ టీ ఇచ్చింది. మావయ్య గ్లాసు దగ్గరికి తెచ్చుకుని, బుగ్గలు పూరించి ఊదాడు. టీ మీది మీగడ అవతలి అంచుకి పోయింది. సన్నటి తుంపర ఒకటి గ్లాసు పక్కన బల్ల మీద పడింది. కిటికీలోంచి వచ్చే ఎండలో అది తళుక్కుమంది.

మెకానిక్కు ఆ చుక్కనే చూస్తూ ఉండిపోయాడు.

"మావయ్యా. ఆ మూడిళ్ళకీ వేలిముద్రలకి వెళ్ళింది నువ్వేనా?"

"ఇంకెవరెళ్తారు?"

"ముందు నువ్వు పౌడరు అద్ది ఊదుతావా, ముందు వాళ్ళు దూదితో తుడుచుకుంటారా?"

"ముందు నేనే. నేను ఊది..." మావయ్య ఆగిపోయాడు. గ్లాసు పెదాల దాకా వచ్చి అక్కడే నిలబడింది. తర్వాత తాగకుండానే బల్ల మీద పెట్టేశాడు. ఆ బల్ల మీద చుక్కని చొక్కా చేత్తో తుడిచాడు. ఒకసారి కాదు, బల్ల రంగు పోయేట్టు తుడిచాడు.

"వస్తానక్కా," అని లేచాడు.

"టీ తాగలేదేంట్రా?"

"చల్లారిపోయింది," అన్నాడు. పొగలొస్తూనే ఉన్నాయి.

ఆయన వెళ్ళాక మెకానిక్కు ఇల్లంతా తిరిగాడు. ఆ ఇంట్లో తిరగడానికి పెద్దగా చోటు లేదు, అందుకని మంచానికీ తలుపుకీ మధ్యే తిరిగాడు. "నాలుగు రోజులుగా నన్ను దొంగని చేసి గేటు బయట నిలబెట్టారు. పిల్లలు మ్యావ్ మంటున్నారు. ఆ ముక్కు లేని బొమ్మ ఎవరిదో తెలుసా నీకు? సైన్సుకి బంధుప్రీతి ఉండదన్నాడే, ఆయనది. ఊదినప్పుడు పడ్డ ఆయన తుంపర దూదికంటితే, దాన్ని దొంగదనుకున్నారు."

వాళ్ళమ్మకి అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. అర్థమయ్యాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "వాడి ఉద్యోగం పోతుందిరా. రిటైరవ్వబోతున్నాడు. వాడికున్న పేరే ఆ ఊదడం."

"మరి నా పేరో?"

ఆవిడ తమ్ముడి గ్లాసు తీసి, అందులో టీ పారబోయకుండా అలాగే పట్టుకుని కూచుంది.

"రేపు ఇన్స్‌పెక్టరు ముందు చెప్పేస్తానమ్మా," అన్నాడు.

"చెప్పు," అందావిడ. "చెప్పద్దని అడిగే మొహం నాకు లేదు."

శనివారం గేటు తీశారు. పోలీసులు పక్కనున్నారు గనక లిఫ్టు మెకానిక్కు లోపలికి రావచ్చట. అంతా మెట్లెక్కారు. ముందు ఇన్స్‌పెక్టరు, వెనక మేడమ్, ఆ వెనక సెక్రటరీ, వాచ్‌మన్. చివర్లో నల్లకళ్ళద్దాలతో మావయ్య, చేతిలో పౌడరు పెట్టె. చెప్పాల్సిన మాట ప్రతి మెట్టు దగ్గరా మెకానిక్కు గొంతులోకి రావడం, వెనకనించి మావయ్య ఆయాసం వినపడటం, మాట మళ్ళీ కిందకి పోవడం. అయిదో అంతస్తు దగ్గర పెద్దావిడ తలుపులో కుర్చీ వేసుకుని కూచుంది.

"వచ్చార్రా? ఇంతమందా? నన్ను మోసుకెళ్ళడానికా? నేనింకా బతికే ఉన్నా."

మిషన్ రూము తాళం మెకానిక్కే తీశాడు. ఇన్స్‌పెక్టరు ఇనప పెట్టె వైపు చూపించాడు. "కానీండి మాస్టారూ. ఈ తలుపు మీద వాడి ముద్ర ఉండాలి."

మావయ్య మోకాళ్ళ మీద కూచున్నాడు. బ్రష్షుని పౌడర్లో ముంచి, వేలితో తట్టి, తలుపు పిడి మీద గుండ్రంగా తిప్పాడు. పసిపిల్లాడి బుగ్గకి పౌడరు రాసినంత మెత్తగా. నల్లటి పొడి పిడి అంతా పరుచుకుంది. ఆయన దగ్గరికి వంగాడు. బుగ్గలు నిండాయి. అందరూ ఆ ఉఫ్ కోసం చూస్తున్నారు, వాచ్‌మన్ అయితే నోరు తెరిచి మరీ.

మెకానిక్కు నోరు తెరిచాడు. "సార్..."

ఉఫ్ రాలేదు. మావయ్య బుగ్గల్లోని గాలిని ముక్కులోంచి మెల్లగా వదిలేశాడు. బ్రష్షు పెట్టెలో పెట్టాడు. గోడ పట్టుకుని లేచి, ఇన్స్‌పెక్టరు ముందు నిలబడి, కళ్ళద్దాలు తీశాడు.

చిన్న కిటికీలోంచి ఎండ ఆయన మొహం మీద పడుతోంది. కళ్ళు మండినట్టున్నాయి, నీళ్ళు తిరిగాయి. అయినా మూయలేదు. ఒకటే పచ్చదనం.

"ఒకసారి నా మొహం చూడండి సార్," అన్నాడు. "జుట్టుది రంగు. లోపలిది మీ బొమ్మలోవాడి జుట్టే."

ఇన్స్‌పెక్టరు చూశాడు. ఇన్నేళ్ళ సర్వీసులో రోజూ చూస్తున్న మనిషిని అప్పుడే ఎవరో పరిచయం చేసినట్టు చూశాడు. మేడమ్‌కి మాత్రం వెంటనే వెలిగింది. ఆవిడ పిడి మీద పౌడరు వైపు చూసింది, మావయ్య మూతి వైపు చూసింది, కళ్ళు మూసుకుంది.

"మూడిళ్ళల్లోనూ ఊదారా?"

"మూడిళ్ళల్లోనూ ఊదానమ్మా. ముందు నా దూది తీసుకో. తర్వాత ఏం రాస్తావో రాసుకో." మెకానిక్కు వైపు గడ్డం ఊపి, "మావాడు నిన్ననే కనిపెట్టాడు. చెప్తాడేమోనని రాత్రంతా చూశా. చెప్పలేదు, వెధవ," అన్నాడు.

మెకానిక్కు తల వంచుకుని సంచిలో ఏదో వెతుకుతున్నట్టు నటించాడు. ఇంకొక్క క్షణం ఆగితే చెప్పేసేవాడే. ఆ సంగతి మావయ్యకి చెప్పాలో అక్కర్లేదో అతనికి తెలీలేదు.

"అయితే దొంగ కళ్ళు ఏ రంగు?" అన్నాడు వాచ్‌మన్.

ఇన్స్‌పెక్టరు టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. సెక్రటరీవి నల్లకళ్ళు, వాచ్‌మన్‌వి నల్లకళ్ళు, ఇన్స్‌పెక్టరువీ నల్లకళ్ళే. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని, చప్పున పక్కకి తిప్పుకున్నారు.

పోలీసులు కిందకి దిగిపోయారు. మావయ్యని సాయంత్రం స్టేషన్‌కి వచ్చి పౌడరు పెట్టె అప్పజెప్పి వెళ్ళమన్నారు. సెక్రటరీ మాత్రం ఉండిపోయాడు. గొంతు సవరించుకున్నాడు. "బాబూ, ఎలాగూ వచ్చావుగా. ఆ లిఫ్టు..." అంటూనే మావయ్య కళ్ళు చూసి ఒక అడుగు వెనక్కేశాడు. కాదని తెలిశాక కూడా కాలు దాని పని అది చేసుకుపోయింది.

మెకానిక్కు ఆ అడుగుని చూశాడు. నాలుగు రోజులుగా ఆ అడుగు తనని చూసి వెనక్కి పడింది. పెట్టె తలుపు తెరిచాడు. బల్లి అక్కడే ఉంది. దాన్ని స్పానరుతో పక్కకి తోలి, మాడిపోయిన తీగ కత్తిరించి, కొత్తది బిగించాడు. మావయ్య టార్చి పట్టుకున్నాడు. అద్దాలు జేబులోనే ఉన్నాయి. తీగలు కలిసే చోట దుమ్ము మేట వేసింది. మావయ్య అలవాటుగా వంగాడు, మూతి సున్నా చుట్టాడు.

అలాగే ఆగిపోయాడు.

"ఊదు మావయ్యా," అన్నాడు మెకానిక్కు. "ఇది లిఫ్టే."

మావయ్య ఊదాడు. ఆ దుమ్ము లేచి సెక్రటరీ తెల్లచొక్కా నిండా పడింది. పక్కనే మోటారు గుర్రుమంది, తాళ్ళు కదిలాయి, రెండంతస్తుల మధ్య అలిగి కూచున్న లిఫ్టు మెల్లగా పైకి బయల్దేరింది.

మెకానిక్కూ మావయ్యా మెట్లు దిగొచ్చి, అయిదో అంతస్తులో లిఫ్టు తలుపు తీసేసరికి పెద్దావిడ సంచి పట్టుకుని సిద్ధంగా ఉంది. ఇద్దరి మొహాల్లోకీ దగ్గరగా తొంగిచూసింది. ఆవిడ కళ్ళకి శుక్లాలు, తెల్లగా ఉన్నాయి.

"ఎవర్రా మీరు? ఒకలాగే ఉన్నారు."

"మామా అల్లుళ్ళం," అన్నాడు మావయ్య. "కిందకేనామ్మా?"